సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు

కారు స్టార్ట్ కాలేదంటే అందులో రెండు వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. తాళం తిప్పితే టక్కుమని ఊరుకోవడం ఒకటి. అది బ్యాటరీ, టెర్మినళ్లు, సెల్ఫ్ మోటారు సంగతి; పది నిమిషాల్లో తేలిపోతుంది. సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజన్ మాత్రం ఎంతకీ అందుకోకపోవడం రెండోది. షెడ్డులో రోజులు పట్టేది, బిల్లు పెరిగేది, అవసరం లేని సామాన్లు మారేది ఈ రెండో జబ్బుకే. దీని గురించి పాత మెకానిక్కులు చెప్పేదేమిటి, స్కానర్ చెప్పేదేమిటి, కంపెనీలు ఒప్పుకున్నదేమిటి, ఇవన్నీ ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

పుత్తూరు వాళ్లకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. తిరుపతి, చెన్నైల మధ్య 716వ జాతీయ రహదారి మీద ఉంది ఈ ఊరు. తమిళనాడు నుంచి కొండకు వచ్చే కార్లు తిరుత్తణి, నగరి దాటి ఇటుగానే రేణిగుంట వైపు పోతాయి. మే నెల మధ్యాహ్నం, ఏసీ వేసుకుని, కుటుంబమంతా ఎక్కిన బండి ఆగకుండా వచ్చి టీ కోసం రోడ్డు పక్కన నిలుస్తుంది. పావుగంట తర్వాత తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. చుట్టూ నలుగురు చేరతారు. బ్యాటరీ డౌనయి ఉంటుందన్నా అని ఒకరు, ప్లగ్గులు పోయాయని ఒకరు, ట్యాంకులో మోటారు పోయిందని ఇంకొకరు, స్కాన్ చేస్తే గానీ తెలియదని మరొకరు అంటారు. ఈ నాలుగూ నిజం కావచ్చు. ఏది నిజమో ఏ వరసలో వెతకాలన్నదే అసలు ప్రశ్న.

సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను నిమిషానికి సుమారు 200 చుట్లు తిప్పుతుంది. ఆ కాసేపట్లో సిలిండర్‌లోకి గాలి రావాలి, తగినంత పెట్రోలు పడాలి, ఆ మిశ్రమం గట్టిగా నొక్కుకుపోవాలి, సరైన క్షణంలో స్పార్క్ రావాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు. 1911లో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ కరెంటు సెల్ఫ్‌ను తయారుచేసినప్పటి నుంచి ఈ లెక్క మారలేదు. మారిందల్లా ఆ పనులు ఎవరు చేస్తున్నారన్నదే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో అన్నీ కంటికి కనిపించేవి. కార్బురేటర్ మూత తీస్తే పెట్రోలు వస్తోందో లేదో తెలిసేది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పి పాయింట్లు ఉప్పు కాగితంతో గీకితే సగం బళ్లు స్టార్టయ్యేవి. వాటికి ఎండాకాలం ఇంకో జబ్బు ఉండేది. పెట్రోలు పంపు ఇంజన్‌కు అతుక్కుని ఉండేది గనుక, ఆ వేడికి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డం పడేది. 1944లో తిరుమల మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకున్నాక, ఎక్కుడులో కార్లు ఆగిపోవడం, డ్రైవరు బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేయడం చాలాకాలం మామూలు దృశ్యమే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా మొదట్లో కార్బురేటర్ బండే. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు బిగుసుకున్నాక పెట్రోలు కార్లన్నీ ఎంపీఎఫ్‌ఐకి మారాయి. పంపు ట్యాంకులోకి పోయింది, ఇంజెక్టర్లు వచ్చాయి, పాయింట్ల పని ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్ తీసుకుంది. తడిగుడ్డ జబ్బు దాదాపు పోయింది. కానీ అలవాటు పోలేదు. ఎండలో ఆగిన కొత్త కారును చూసి పెట్రోలు ఆవిరైంది అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇప్పటి కార్లలో పెట్రోలు ట్యాంకు నుంచే సుమారు 3 బార్ల ఒత్తిడితో వస్తుంది కాబట్టి ఆ మాట చాలా అరుదుగా నిజమవుతుంది. ఎండలో ఆగిన కొత్త బండికి అనుమానించాల్సింది వేరే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

దానికన్నా ముందు చేయాల్సిన పని, షెడ్లలో ఎక్కువగా వదిలేసేది, బండి ఎలా ఆగిందో అడగడం. పుత్తూరు కట్టుకు వెళ్లినవాళ్లకు తెలుసు, ఎముక ఎక్కడ విరిగిందో చేత్తో తడిమి చూశాకే అక్కడ కట్టు కడతారు. కారుకు ఆ తడమడం మాటలతోనే మొదలవుతుంది. నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిందా? రెండు మూడు జర్కులిచ్చి, పికప్ తగ్గి ఆగిందా? రాత్రి బాగానే పెట్టాం, పొద్దున అందుకోలేదా? వేడిగా ఉన్నప్పుడు మొరాయించి, అరగంట చల్లారాక తనంతట తానే స్టార్టవుతోందా? ముందురోజు సర్వీసు జరిగిందా, పెట్రోలు పోయించారా, వాన నీళ్లలో నడిపారా?

ఈ జవాబులు దారిని సగానికి సగం తగ్గిస్తాయి. ఠక్కున ఆగిందంటే కరెంటు వైపు చూడాలి. సెన్సార్, రిలే, ఫ్యూజు. కరెంటు కాకపోతే తెగిన టైమింగ్ బెల్ట్. జర్కులిస్తూ ఆగిందంటే పెట్రోలు అందలేదు. పంపు, మూసుకుపోయిన ఫిల్టరు, లేదా ఖాళీ ట్యాంకు. ఖాళీ ట్యాంకును చిన్నచూపు చూడొద్దు. గేజీ ముల్లు ఇరుక్కుని పావు ట్యాంకు చూపిస్తున్న బండిని విప్పి చూసేకంటే, ముందు రెండు మూడు లీటర్లు పోసి చూడటం తెలివైన పని. సర్వీసు జరిగిన మర్నాడే ఆగిందంటే వదులుగా పెట్టిన కప్లరో, బిగించడం మరిచిన పైపో ఉండే అవకాశం ఎక్కువ.

తర్వాత చెవి పని. సెల్ఫ్ తిరిగే చప్పుడులో ఒక లయ ఉంటుంది. పిస్టన్ గాలిని నొక్కేటప్పుడు బరువు, దాటాక తేలిక, అలా రుర్ర్-రుర్ర్ అంటుంది. ఆ లయ పోయి, బరువు లేకుండా సుయ్యిమని వేగంగా తిరుగుతుంటే కంప్రెషన్ లేదని అర్థం. టైమింగ్ బెల్ట్ తెగిందనుకోవాలి. అక్కడితో సెల్ఫ్ కొట్టడం ఆపేయాలి, ఎందుకంటే చాలా ఇంజన్లలో తెరుచుకుని ఉన్న వాల్వులకు పిస్టన్ తగిలి వంగిపోతాయి. చప్పుడు మామూలుగానే ఉంటే గాలి, కంప్రెషన్ సంగతి దాదాపు పక్కన పెట్టొచ్చు. చప్పుడు నీరసంగా, సాగదీసినట్టు ఉంటే సెల్ఫ్ తిరుగుతున్నా సరే బ్యాటరీనే మొదట చూడాలి. నిండా చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు అది 9.6కు తగ్గకూడదు. తగ్గితే మోటారు ఎలాగో తిరుగుతుంది గానీ, ఈసీయూకూ స్పార్క్ కాయిల్‌కూ కరెంటు చాలదు. బ్యాటరీ బాగుంది, సెల్ఫ్ తిరుగుతోంది కదా అనే మాటను మల్టీమీటర్ లేకుండా నమ్మకూడదు.

ఇక పెట్రోలు. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, ఇంకొకరు వెనక సీటు దగ్గర చెవి పెడితే రెండు సెకన్లపాటు జుయ్యిమని సన్నటి మోత వినిపించాలి. అది ట్యాంకులోని పంపు పైపులో ఒత్తిడి నింపుకుంటున్న చప్పుడు. వినిపించకపోతే పంపు పోయిందని వెంటనే తీర్మానించకూడదు. ఫ్యూజు, రిలే చూసి, పంపు కప్లర్ దగ్గర కరెంటు వస్తోందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడాలి. అదే పెట్టెలో ఉన్న హారన్ రిలేనో ఫ్యాన్ రిలేనో అదే నంబరుదైతే తీసి పంపు రిలే స్థానంలో పెట్టి చూస్తే ఒక్క నిమిషంలో సగం సంగతి తెలుస్తుంది. కరెంటు వస్తున్నా మోత లేకపోతే అప్పుడు పంపు. మోత వినిపించినా సరిపోదు, ఒత్తిడి కొలవాలి. అరిగిన పంపు తిరుగుతుంది గానీ 3 బార్లు ఇవ్వలేదు. ప్రెషర్ గేజీ పెద్ద ఖరీదైన వస్తువు కాదు, అయినా అది లేని షెడ్లు ఎన్నో ఉన్నాయి. అందుకే గేజీ చేయాల్సిన పనిని కొత్త పంపు చేస్తోంది. అంటే కొత్త పంపు వేసి చూస్తున్నారు. ఆ ఖర్చు బండివాడి నెత్తిన పడుతోంది. ఇది నన్ను బాగా బాధపెట్టే సంగతి.

పంపు జబ్బు కట్టుకథ కాదని కంపెనీలే ఒప్పుకున్నాయి. 2020 జులైలో మారుతి సుజుకి ఫ్యూయల్ పంపు లోపం ఉండొచ్చని 1,34,885 వ్యాగన్‌ఆర్, బాలెనో కార్లను వెనక్కి పిలిచింది. 2024 మార్చిలో మళ్లీ ఆ రెండు మోడళ్లలోనే, 2019 జులై చివరి నుంచి నవంబరు 1 మధ్య తయారైన సుమారు 16 వేల కార్లను పిలిచి, పంపు మోటారులోని ఒక భాగం వల్ల ఇంజన్ ఆగిపోవచ్చు, లేదా స్టార్ట్ కాకపోవచ్చు అని చెప్పింది. హోండా 2024 అక్టోబరులో మనదేశంలో 92,672 కార్లకు ఇదే పిలుపునిచ్చింది. అమెరికాలో 2023 డిసెంబరులో అదే కంపెనీ 25 లక్షలకు పైగా వాహనాలను పిలిచినప్పుడు కారణం వివరంగా చెప్పింది. పంపు లోపల పెట్రోలును తోసే చిన్న ప్లాస్టిక్ చక్రం సరిగ్గా పోతపోయలేదు, కాలం గడిచేకొద్దీ దాని ఆకారం మారి పంపు గోడకు రాసుకుంటుంది. ఇందులో మన పాఠకులకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇలాంటి పిలుపులో మీ బండి ఉంటే పంపు ఉచితంగా మారుస్తారు. ఛాసిస్ నంబరు కొడితే కంపెనీ వెబ్‌సైట్‌లోనే తెలుస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఆ పిలుపు ఉత్తరం పాత యజమాని చిరునామాకు పోయి ఉంటుంది. కాబట్టి చేతి డబ్బు పెట్టి పంపు మార్చే ముందు ఆ నంబరు ఒకసారి చూసుకోవాలి.

గ్యాస్ కిట్ ఉన్న బండ్లలో పంపు ఎందుకు ముందుగా పోతుందో కూడా చెప్పుకోవాలి. వాటిలో చాలా భాగం పెట్రోలు మీద స్టార్టయి, కాస్త వేడెక్కాక గ్యాస్‌కు మారతాయి. గ్యాస్ చవక కదా అని పెట్రోలు ట్యాంకు అడుగుకు చేరినా పోయించరు. పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. అది లేక పంపు వేడెక్కి మాడిపోతుంది. తర్వాత గ్యాస్ నిండా ఉన్నా బండి పొద్దున అందుకోదు.

పెట్రోల్లో నీళ్ల సంగతి ఇప్పుడు కొత్తగా చూడాలి. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది, 2025కల్లా దాదాపు దేశమంతా అదే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొద్ది నీళ్లయితే కలుపుకుని ఇంజన్లో కాలిపోతాయి, అది మంచిదే. హద్దు దాటితే మాత్రం ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పంపు నోరు ఉండేదీ అడుగునే. నవంబరు వానల్లో బంకులో పోయించుకున్న కాసేపటికి ఆగిన బండికి ప్లగ్గులు విప్పే ముందు, కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి తీసి కాసేపు నిలవనివ్వాలి. అడుగున వేరే పొర తేరితే జబ్బు దొరికినట్టే.

ఇప్పుడు ఎండలో ఆగిన బండి దగ్గరికి. ఇంజన్ ఎక్కడ ఉందో ఈసీయూకు చెప్పేది క్రాంక్ సెన్సార్. క్రాంక్ షాఫ్ట్ పక్కన, ఇంజన్ వేడి నేరుగా తగిలే చోట ఉంటుంది. లోపల సన్నటి చుట్ట గానీ చిన్న చిప్ గానీ ఉంటుంది. పాతబడ్డాక చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది, వేడెక్కితే పనిచేయడం మానేస్తుంది. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది. టీ కోసం ఆపాక ఆ గాలి పోయి, ఇంజన్ వేడంతా పైకి వచ్చి, పావుగంటలో సెన్సార్ దగ్గర వేడి అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే తాళం తిప్పుతారు. సెన్సార్ మాట్లాడకపోతే ఈసీయూకు ఇంజన్ తిరుగుతున్నట్టే తెలియదు. స్పార్క్ ఇవ్వదు, ఇంజెక్టర్ తెరవదు, చాలా బండ్లలో పంపును కూడా ఆపేస్తుంది. పెట్రోలూ స్పార్కూ రెండూ ఒకేసారి లేవంటే ఈ సెన్సారునే మొదట అనుమానించాలి. దీనికి రోడ్డు మీదే చేసే పరీక్ష ఒకటుంది. సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లును చూడాలి. చాలా కార్లలో ముల్లు కొంచెమైనా లేస్తుంది. సున్నా దగ్గరే కదలకుండా ఉంటే సెన్సార్ మీద అనుమానం బలపడుతుంది. ఇంకో అరగంటకు ఏమీ చేయకుండానే స్టార్టయిందంటే దాదాపు ఖాయమే. ఆ స్టార్టవడమే ప్రమాదం కూడా. బాగైపోయిందనుకుని తిరుపతికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో రాత్రిపూట ఎక్కడో ఆగిపోతారు.

స్పార్క్ చూడటంలో పాత అలవాటొకటి మానుకోవాలి. ప్లగ్గు వైరు చేత్తో పట్టుకుని బాడీకి తాకించి చూసేవాళ్లు. ఇప్పటి కాయిళ్లు ముప్పై వేల వోల్టులకు పైగా ఇస్తాయి. మనిషికి ప్రమాదం, ఈసీయూ కూడా కాలిపోవచ్చు. స్పార్క్ టెస్టరు వాడాలి. ప్లగ్గు విప్పితే దాని మొహం చూడటం మరవొద్దు. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువైంది. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. ఒక్క ప్లగ్గు మొహం చూస్తే సగం చర్చ ముగుస్తుంది. పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు మునిగిపోతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. చాలా ఎంపీఎఫ్‌ఐ బండ్లలో అలా చేస్తే ఈసీయూ ఇంజెక్టర్లను ఆపి, గాలితో సిలిండర్‌ను ఆరబెడుతుంది. కార్బురేటర్ బండికి తొక్కి తొక్కి వదలడం పనికొచ్చేది, దీనికి మాత్రం తొక్కి అలాగే పట్టి ఉంచాలి.

తోసి స్టార్ట్ చేయడం ఇక్కడ పనికిరాదు. సెల్ఫ్ చేసే పనినే తోపుడు చేస్తుంది; సెల్ఫ్ ఎలాగూ తిరుగుతోంది కదా. పైగా కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి, తర్వాత అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది.

డీజిల్ బండ్లకు స్పార్క్ లేదు కాబట్టి లెక్క చిన్నది, కానీ గట్టిది. కామన్ రైల్ ఇంజన్ అందుకోవాలంటే రైల్లో కనీసం రెండు మూడు వందల బార్ల ఒత్తిడి చేరాలి. ఫిల్టరు మార్చాక పైపులో గాలి ఉండిపోతే అది చేరదు. ఫిల్టరు మీది చేతిపంపు గట్టిపడేదాకా నొక్కి గాలి తీయాలి. అరిగిన ఇంజెక్టర్లు డీజిల్‌ను వెనక్కి ఎక్కువగా వదిలినా అంతే. విదేశీ పుస్తకాలు గ్లో ప్లగ్గుల గురించి పేజీలు పేజీలు రాస్తాయి. మన ఎండల్లో కామన్ రైల్ డీజిల్‌కు అవి సాధారణంగా కారణం కావు. పాత ఇండికా లాంటి ప్రీ-ఛాంబర్ ఇంజన్లకు మాత్రం ఇక్కడ కూడా అవి కావాలి.

స్కానర్ గురించి రెండు వర్గాలున్నాయి. స్కాన్ చేయనిదే చేయి పెట్టనివాళ్లు ఒకరు, అది కంపెనీవాళ్ల మాయ అనేవాళ్లు ఒకరు. 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు స్కానర్ చదివే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కార్లలో సెన్సార్లు ఇంకా పెరిగాయి. కాబట్టి స్కానర్ లేకుండా పని నడవదు. కానీ అది చూసేది వైర్లలో నడిచే సంకేతాలనే. చాలా పెట్రోలు కార్లలో ట్యాంకు నుంచి వచ్చే లైన్ ఒత్తిడి కొలిచే సెన్సారే ఉండదు. పంపు పూర్తిగా చచ్చినా తెర మీద ఏ కోడూ రాకపోవచ్చు. కోడ్ లేదు కాబట్టి లోపం లేదు అనడం తప్పు. వచ్చిన కోడ్‌ను పట్టుకుని ఆ సామాను మార్చేయడమూ తప్పే. పి 0335 అని చూపిస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో తేడా ఉందని మాత్రమే అర్థం. ఆ తేడా సెన్సార్‌లో ఉండొచ్చు, కప్లర్‌లో తుప్పు కావచ్చు, ఎలుక కొరికిన వైరు కావచ్చు. ఈ చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. వరి, చెరకు పొలాల పక్కన, మామిడితోటల్లో బండి పెట్టే ఊళ్లు మనవి. కోతలయ్యాక ఎలుకలు వెచ్చటి బానెట్ కిందికి చేరతాయి. వారం రోజులు కదలని కారు అందుకోకపోతే, స్కానర్ పెట్టే ముందే టార్చి లైటుతో వైరింగ్ మొత్తం ఒకసారి చూడాలి. స్కానర్‌లో కోడ్ కంటే లైవ్ డేటా ఎక్కువ పనికొస్తుంది. సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత చూపిస్తోంది, వోల్టేజీ ఎంతకు పడుతోంది, ఈ మూడూ చదవగలిగినవాడే స్కానర్‌ను నిజంగా వాడుతున్నట్టు.

వాన నీళ్లలో మునిగిన బండికి పైన చెప్పిందేదీ వర్తించదు. 2021 నవంబరులో తిరుపతిలో వరద వచ్చినప్పుడు వీధుల్లో కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. అలాంటి బండికి సెల్ఫ్ కొట్టనే కొట్టకూడదు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగి, ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. మామూలు ఇన్సూరెన్స్ ఈ నష్టాన్ని సాధారణంగా భరించదు, ఇంజన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకుని ఉండాలి. బ్యాటరీ వైరు తీసి, ప్లగ్గులు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాకే మిగతా మాట.

అన్నీ బాగున్నా బండి అందుకోని సందర్భం ఒకటి మిగిలింది. మీటరు బోర్డు మీద తాళం గుర్తు ఆగకుండా మెరుస్తుంటే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తుపట్టలేదన్న మాట. పెట్రోలు, స్పార్క్ రెండూ దానంతట అదే ఆపేసింది. రెండో తాళంతో ప్రయత్నించాలి. బటన్ స్టార్ట్ బండి అయితే రిమోట్‌ను బటన్‌కు ఆనించి నొక్కాలి. అప్పటికీ కాకపోతే కొత్త తాళాన్ని ఈసీయూతో జత చేయాలి. దానికి కంపెనీ సాఫ్ట్‌వేర్, పాస్‌వర్డ్ కావాలి. పుత్తూరులో ఎంత పనివాడైనా ఇక్కడ ఆగాల్సిందే. బండి టోయింగ్ మీద తిరుపతి షోరూముకు పోవాలి.

ఈ హద్దు ఎక్కడ గీయాలన్నది ప్రపంచమంతా నడుస్తున్న వాదమే. యూరప్ 2007లో తెచ్చిన నిబంధనతో బయటి మెకానిక్కులకూ కంపెనీ రిపేరు సమాచారం ఇవ్వాలంది. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లో ఓటు వేసి అదే హక్కు తెచ్చుకున్నారు. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. కానీ మాన్యువల్ చూడటం వేరు, తాళం జత చేసే అనుమతి వేరు. దొంగతనం జరక్కుండా ఆ అనుమతి ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దన్న కంపెనీల మాటలో న్యాయముంది. గుర్తింపు పొందిన మెకానిక్‌కు, బండి కాగితాలు చూపించిన యజమాని ఎదుట, లెక్క నమోదు చేసి ఇవ్వడంలో మాత్రం అభ్యంతరం ఏమీ కనిపించదు. బయటి దేశాల్లో తాళాలు చేసేవాళ్లకు రిజిస్ట్రేషన్ మీద ఇస్తూనే ఉన్నారు. ఇక్కడ కూడా ఇస్తే కొండకు వచ్చి తాళం పోగొట్టుకున్న కుటుంబం టోయింగ్ బండి కోసం రోడ్డు మీద కాచుకోకుండా పుత్తూరులోనే పని ముగించుకుని పోతుంది.